చింతపండుతో తోమిన చరిత్ర

పురాతన వస్తువు కంటబడగానే “ఇది ఎవరిది?” అని అడగడం మనకు అలవాటు. “ఇందులో ఏ భాగం ఎక్కడిది? దీనిమీద గుర్తు వేసినవారెవరు? ఎప్పుడు, ఎందుకు వేశారు?” అని అడగడం మాత్రం అలవాటు కాలేదు. మొదటి ప్రశ్నకు గర్వం చాలు. రెండవ ప్రశ్నకు ఓపిక కావాలి. ఈ రెంటి మధ్య దూరమెంతో మాకు జిజాన్‌లో బోధపడింది.

సౌదీ అరేబియాకు నైరుతి మూలన, ఎర్రసముద్ర తీరాన, యెమెన్ సరిహద్దుకు చేరువలో ఉన్న ఈ పట్టణంలో ఉద్యోగరీత్యా నివసిస్తున్న తెలుగువారం మేము కొద్దిమందిమి. ఒక శుక్రవారం సాయంకాలం స్థానికులైన ఒక పెద్దాయన మమ్మల్ని తమ ఇంటికి కాఫీకి ఆహ్వానించారు. అతిథులను కూర్చోబెట్టే మజ్లిస్ గదిలో, గోడమీద దాదాపు మనిషి ఎత్తు పొడవున్న ఒక పాత తుపాకి వేలాడుతున్నది. సన్నని కొయ్య, దానిచుట్టూ వెండి పట్టీలు, నల్లబడిన ఇనుప గొట్టం. ఆయన దానిని “అబూ ఫతీలా” అన్నారు. ఫతీలా అంటే అరబ్బీలో వత్తి. మన పెద్దలు వత్తి తుపాకి అన్నది దానినే. వెలుగుతున్న వత్తిని ఒక ఇనుప కొక్కెం పట్టుకొని ఉంటుంది. మీట నొక్కగానే ఆ కొక్కెం వంగి, నిప్పును రంజకపు గిన్నెలోని మందుకు తాకిస్తుంది.

తిరుగు ప్రయాణంలో కారులోనే వివాదం మొదలైంది. “అది మన నిజాంగారి తుపాకే, సందేహం లేదు. అరబ్బులు హైదరాబాదులో కొలువు చేసి తెచ్చుకున్నారు” అన్నారు మాలో ఒకరు. “వెండిపని చూడలేదా? అది అచ్చమైన అరబ్బు తుపాకి” అన్నారు రెండవవారు. “పాత ఇనుముకు ఇంత చర్చ ఎందుకండీ?” అని మూడవవారు నవ్వేశారు.

ఈ మూడు మాటలూ తప్పేనని మా దృఢాభిప్రాయం. ఆ తప్పులు జిజాన్‌లో పుట్టినవి కావు. మన ఊళ్ళనుంచి మనం వెంట తెచ్చుకున్నవి. మన ఇళ్ళలో, సంస్థానాల దివాణాలలో, దేవాలయాల ఉగ్రాణపు గదులలో మిగిలిన ఆయుధాల పట్ల మనం చేస్తున్న అపచారానికి మూలం ఈ మూడు మాటలే. వాటిని ఒక్కొక్కటిగా ఖండించడానికే ఈ వ్యాసం.

పాత ఇనుము చెప్పిన ఆదోని కథ

“పాత ఇనుము” అన్నవారికి ముందుగా ఆదోని కోట సంగతి గుర్తుచేయాలి. కర్నూలు జిల్లాలోని ఆ కోట విజయనగర ప్రభువుల చేతినుంచి బిజాపూర్ సుల్తానుల వశమైంది. బిజాపూర్ పక్షాన సిద్ది మసూద్ ఏలుతుండగా, 1680వ దశకం చివర ఔరంగజేబు సేన దానిని పట్టుకున్నది. ఆ సేనకు నాయకుడు ఫిరోజ్ జంగ్, తరువాతి కాలంలో హైదరాబాదు రాజ్యాన్ని స్థాపించిన మొదటి నిజాంకు తండ్రి. ఆ దక్కను యుద్ధాలలో మొగలుల పక్షాన పోరాడినవారిలో బికానేర్ మహారాజు అనూప్‌సింగ్ ఒకడు. అతడు ఆదోనికి అధికారిగా కూడా ఉండి, 1698లో అక్కడే కన్నుమూశాడు.

ఆదోనిలో చేజిక్కిన కటార్లు, కత్తులు, ఇతర ఆయుధాలు బికానేర్ చేరి, అక్కడి జునాగఢ్ కోట ఆయుధాగారంలో నిలిచాయి. ఆగారపు గుమాస్తాలు వాటిని గుట్టగా పోసి ఊరుకోలేదు. సన్నని మొనతో చుక్కపక్కన చుక్క కొడుతూ, ఇనుముమీదనే దేవనాగరి లిపిలో మహారాజు పేరు, ఆదోని పేరు, విక్రమ సంవత్సరం వ్రాయించారు. ఆ ఆయుధాలలో అనేకం కాలక్రమాన చెదిరి, నేడు దేశవిదేశాల సంగ్రహాలలో ఉన్నాయి. చుక్కల అక్షరాలు మాత్రం వాటిని విడిచిపోలేదు. తేదీ లేని దక్కను కటారు ఏదైనా దొరికితే, పండితులు దానిని ఈ ఆదోని కటార్లతో పోల్చి కాలనిర్ణయం చేస్తున్నారు. పదిహేడవ శతాబ్ది చివర మన సీమలో ఎటువంటి ఆయుధం వాడుకలో ఉండేదో నిశ్చయంగా చెప్పగలగడానికి ఆధారం ఆ కొద్దిపాటి చుక్కలే.

ఇందులో మనం సిగ్గుపడవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆదోని ఆయుధాల చిరునామాను కాపాడినవారు ఆదోనివారు కారు, వాటిని పట్టుకుపోయినవారు. ఆ రాజే దక్కనునుంచి వ్రాతప్రతులనూ దేవతామూర్తులనూ కూడా తీసుకుపోయి భద్రపరచాడు. బికానేరులోని అనూప్ సంస్కృత గ్రంథాలయం, కోటలోని ముప్పదిమూడు కోట్ల దేవతల మందిరం నేటికీ సాక్ష్యాలు. అతడు చేసినది దోపిడియా, సంరక్షణయా అన్నది వేరే చర్చ. అతని గుమాస్తాలు వ్రాసిపెట్టారు, మనం వ్రాసిపెట్టలేదు. ఈ మాటకు మాత్రం బదులు లేదు.

ఆ కథలో రెండవ పాఠం ఇంకా ముఖ్యం. బికానేర్ గుర్తు ఉన్నది గనుక ఆ ఆయుధాలు వేలంపాటల పట్టికలలోను, సామాన్యుల నోట “బికానేర్ ఆయుధాలు”గా చెలామణి అవుతుంటాయి. కాని వాటిని కాచి సాగగొట్టిన కొలిమి బికానేరులో లేదు. ఆయుధాగారపు గుర్తు ఆ వస్తువును ఉంచుకున్నవారిని చెబుతుంది, చేసినవారిని చెప్పదు. ఈ ఒక్క సూత్రం మనసున పట్టించుకుంటే, మా కారులో జరిగిన వివాదంలో సగం అక్కడికక్కడే తీరిపోయేది.

వెండిని చూసి వంశం చెప్పరాదు

ఇక రెండవ మాట: “వెండిపని ఉన్నది గనుక అరబ్బు తుపాకి.” వత్తి తుపాకి ఒకే చేతిలో, ఒకే ఊళ్ళో, ఒకేనాడు పుట్టిన వస్తువు కాదు. గొట్టం, తాళం, కొయ్య, అలంకారం అనే నాలుగింటికి నాలుగు వయస్సులు ఉండవచ్చు. వీటిలో దీర్ఘాయువు గొట్టానిది. కొయ్య పగులుతుంది, చెదపడుతుంది, ఐదారు దశాబ్దాల కొకసారి మారుతుంది. మంచి గొట్టం మాత్రం రెండు మూడు వందల ఏళ్ళు నిలుస్తుంది. కొత్త యజమాని దానికి తన దేశపు కొయ్య తొడిగి, తన దేశపు వెండి తాపడం చేయించుకుంటాడు.

అరేబియాలో జరిగినది ఇదే. అక్కడి కంసాలులు వెండిపనిలో నిపుణులు. తుపాకి గొట్టాలలో అధికభాగం బయటినుంచి వచ్చినవే. తుర్కీ గొట్టం, పర్షియా గొట్టం, హిందూస్థానపు గొట్టం, మూడూ అరబ్బు కొయ్యలలో కనిపిస్తాయి. జిజాన్ ప్రాంతపు కొండలలోను తీరపు మైదానంలోను వత్తి తుపాకులు ఇరవయ్యవ శతాబ్దిలోకి కూడా వాడుకలో నిలిచాయి. తూటాల తుపాకులు వచ్చిన తరువాత కూడా, మందును స్థానికంగానే నూరుకొని, సీసం కరిగించి గుండ్లు పోసుకొనగల పాత తుపాకి పేదవానికి చవక. అందువల్ల ఏనాటి గొట్టమో ఒకటి ఎన్నో చేతులు మారుతూ ఇక్కడి ఇళ్ళలో మిగిలింది.

ఈ తీరానికి మన తీరానికి సంబంధం కొత్తది కాదు. పదిహేడవ శతాబ్ది తొలి దశాబ్దాలలో గోలకొండ సుల్తానుల ఏలుబడిలో మచిలీపట్నంనుంచి బయలుదేరిన ఓడలు ఎర్రసముద్రంలోని మోఖా, జిద్దా రేవులకు వస్త్రాలను, యాత్రికులను తెచ్చేవి. మోఖా దక్షిణాన ఉన్నది, జిద్దా ఉత్తరాన ఉన్నది. నడుమ ఉన్నది ఈ జిజాన్ తీరం. దారి ఉన్నది అన్నంతమాత్రాన ఫలానా తుపాకి ఆ దారినే వచ్చిందని నిర్ణయించలేము. కాని వెండి ఇక్కడిది గనుక ఇనుమూ ఇక్కడిదే అనేవారు ఆ దారినే మరచిపోతున్నారు.

తుపాకి పేర్లను చూసినా ఈ కలగలుపు స్పష్టం. మనం వాడే “తుపాకి” తుర్కీ భాషలోని తుఫెక్‌కు చుట్టం. ఉత్తరాదివారి “బందూక్” అరబ్బీ మాట; అరబ్బీలో అది మొదట ఒక గింజ పేరు, తరువాత గింజవంటి గుండుకు, ఆపైన గుండును విసిరే ఆయుధానికి పేరైంది. తెలుగువాని నోట తుర్కీ మాట, ఉత్తరాదివాని నోట అరబ్బీ మాట, అరబ్బుగోడమీద హిందూస్థానపు గొట్టం! ఇటువంటి వస్తువుకు ఒక్క జాతి పేరు అంటగట్టడం అవివేకం.

“మనదే” అనే మాటలోని దోషం

మొదటి మాట మనకు అతిప్రియమైనది గనుక దానిని చివరకు ఉంచాము. “నిజాంగారి తుపాకే” అన్నవారి మాటకు ఆధారం బొత్తిగా లేకపోలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో హైదరాబాదు సంస్థానంలో అరబ్బు సైనికులు వేలాదిగా కొలువు చేశారు. వత్తి తుపాకి, నడుమున వంపు బాకు వారి ఆనవాళ్ళు. బార్కస్ పేటలో వారి సంతతి నేటికీ ఉన్నది. నిజాం కొలువులో జమేదారుగా ధనమార్జించిన ఉమర్ బిన్ అవద్ కుటుంబమే అరేబియా దక్షిణ తీరాన ముకల్లా కేంద్రంగా కుఅయితీ రాజ్యాన్ని నిర్మించింది. ఆ వంశం 1888లో బ్రిటిష్ రక్షణ ఒడంబడిక చేసుకొని, 1967 వరకు ఏలింది. హైదరాబాదు సొమ్ముతో అరేబియాలో కోటలు లేచాయన్నది అతిశయోక్తి కాదు.

కాని ఆ అరబ్బులు హద్రమౌత్ ప్రాంతంవారు. హద్రమౌత్ హిందూ మహాసముద్రం వైపు, జిజాన్ ఎర్రసముద్రం వైపు. నడుమ యెమెన్ కొండలు, వందలాది మైళ్ళ దూరం. హద్రమౌత్‌కు చెల్లే చరిత్రను జిజాన్ గోడమీది తుపాకికి తగిలించడం, కాకినాడలో దొరికిన నాణెంమీద కన్ననూరు చరిత్ర చదవడం వంటిది. పైగా ఆ అరబ్బులు తమ తుపాకులను హైదరాబాదుకు తెచ్చుకొన్నారా, హైదరాబాదునుంచి పట్టుకుపోయారా అన్నది ఒక్కొక్క తుపాకిని విడిగా చూసి తేల్చవలసిన సంగతి.

ఉక్కు విషయంలోనూ ఇదే తొందర. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఉక్కు జగత్ప్రసిద్ధం. 1832లో అచ్చయిన వాయ్సీ అనే ఆంగ్లేయుని వివరణ, ఇస్ఫహాన్‌నుంచి వర్తకులు స్వయంగా కోనసముద్రం వచ్చి ఉక్కును కొనుక్కుపోయేవారని చెబుతున్నది. ఇది మనకు గర్వకారణమే. అయితే గొట్టంమీద నీటి అలలవంటి గీతలు కనబడగానే “కోనసముద్రం ఉక్కు” అనేయడం తగదు. ఇనుప పట్టీలను, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికి చుట్టిన గొట్టానికి కూడా అలలు తేలుతాయి. ఆ పని లాహోరులో చేశారు, తుర్కీలో చేశారు, పర్షియాలోనూ చేశారు. మూసలో కరిగిన ఉక్కులోని అల సన్నగా, క్రమం లేకుండా ఉంటుంది. మెలిపెట్టిన గొట్టపు అల ఏటవాలుగా చుట్టుకుంటూ ఒకే వరుస మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఈ భేదం చూడకుండా కోనసముద్రం పేరెత్తడం ఆ కొలిమివారికి గౌరవం కాదు.

చదవవలసిన క్రమం

మరి తుపాకిని చదవడమెట్లా? మేము నేర్చుకున్న క్రమం చెబుతాము. ముందు దేహం, తరువాత గుర్తు.

ఉత్తరాది, దక్కను వత్తి తుపాకులలో తాళపు యంత్రం కొయ్య లోపలే దాగి ఉంటుంది; కొయ్యకు ఇరుపక్కలా పొడవాటి ఇనుప పలకలు బిగించి ఉంటాయి. వత్తిని పట్టే కొక్కెం కొయ్యలోని చీలికనుంచి పైకి వచ్చి, మీట నొక్కినప్పుడు ముందుకు, మూతి దిశగా వంగుతుంది. మడమ నిటారుగా, సన్నగా, పలకలు తీర్చి ఉంటుంది. గొట్టపు మూతి తరచుగా మొగ్గవలె కాస్త ఉబ్బి ఉంటుంది. లోపల గీతలు లేక నున్నగా ఉండడమే ఎక్కువ. తుర్కీ గొట్టం దళసరిగా ఉంటుంది. దాని లోపల మెలికల గాడులు, వెనుక చివర చిల్లులున్న గురిపలక తరచుగా కనిపిస్తాయి. అరబ్బు కొయ్యలో ఉన్న గొట్టానికి మొగ్గమూతి, నున్నని లోపలి భాగం కనిపిస్తే, అప్పుడు హిందూస్థానం వైపు చూడవచ్చు. అప్పటికీ “చూడవచ్చు” అనే అనాలి.

గుర్తులు సాధారణంగా గొట్టం వెనుక చివర పైభాగాన, కొయ్యలో దాగే అడుగుభాగాన, తాళపు పలకల మీద ఉంటాయి. అవి మూడు జాతులు. పనివాని ముద్ర ఒకటి. సాధారణంగా కోలగానో చతురస్రంగానో గుంటపడిన చిన్న అచ్చు. ఆయుధాగారపు గుర్తు రెండవది. రాజు పేరు, వరుస సంఖ్య, సంవత్సరం. మూడవది తరువాతి ప్రభుత్వాల సంఖ్య. 1878 ఆయుధాల చట్టం తరువాత లైసెన్సు నిమిత్తం కొట్టిన అంకెలు ఈ కోవకు చెందుతాయి. ఈ మూడింటినీ ఒకటిగా కలిపి చదివితే మనుమని పేరు తాతకు పెట్టినట్లవుతుంది.

సంవత్సరాన్ని చదవడంలో మరింత జాగ్రత్త అవసరం. విక్రమ సంవత్సరంలోంచి 57 తీసివేస్తే ఇంచుమించు క్రీస్తు శకం వస్తుంది. హిజ్రీకి లెక్క వేరు, అది చాంద్రమానం. టిప్పు సుల్తాను ఈ రెండింటినీ కాదని మౌలూదీ అనే కొత్త శకం పెట్టాడు. అంకెలను కుడినుంచి ఎడమకు వ్రాయించాడు. అతని తుపాకిమీద 1222 అన్న సంవత్సరం ఉంటే, అది మనకు 2221గా కనబడుతుంది. సరిచేసుకొని హిజ్రీగా లెక్కిస్తే క్రీస్తు శకం 1807 అవుతుంది. టిప్పు 1799లోనే మరణించాడు. మౌలూదీగా లెక్కిస్తేనే 1794–95 అన్న సరైన సంవత్సరం తేలుతుంది. ఈ లెక్క తెలియక అసలైన వస్తువును నకిలీ అని తోసిపుచ్చవచ్చు, నకిలీని అసలుగా నెత్తిన పెట్టుకోనూవచ్చు. గుత్తి 1776లో హైదరలీ వశమైంది. ఆదోనిని టిప్పు 1786లో ముట్టడించాడు. కనుక మైసూరు గుర్తులు రాయలసీమ ఇళ్ళలో కనబడడం వింత కాదు. అయితే టిప్పు కర్మాగారాల పేరుమోసిన తుపాకులు ఎక్కువగా చెకుముకి తుపాకులు. వత్తి తుపాకికి పులిచారలు కనబడితే రెండుసార్లు ఆలోచించాలి. ఈస్టిండియా కంపెనీ హృదయాకారపు గుర్తు తాళంమీద కనిపించినా అంతే. అది కంపెనీ సొత్తు అనడానికే సాక్ష్యం.

పేరున్న గుర్తుకు వెల ఎక్కువ గనుక నకిలీ గుర్తులు కొట్టేవారికి కొదవ లేదు. పరీక్ష సులువు. తుప్పు తిన్న గుంటల మీదుగా గుర్తు సాగితే, అది తుప్పు తరువాత వేసినదని అర్థం. చుక్కల అడుగు మెరుస్తూ, చుట్టుపక్కల ఇనుము నల్లగా ఉంటే, ఆ చుక్క నిన్నటిది. మోసగాని వ్యాపారం సాగేది మన ఆత్రంవల్లనే; “నిజాంది”, “టిప్పుది” అనిపించుకోవాలనే కోరిక కొనేవానిలో లేకుంటే అమ్మేవాడు ఉలి ఎత్తడు.

ఆయుధపూజా, అక్షరాల సంహారమా?

ఇక అసలైన ఫిర్యాదు. నకిలీ గుర్తు కొట్టేవాడు చేసే హాని కొంతే. ఉన్న గుర్తును చెరిపేసే మనం చేసే హాని దానికంటె పెద్దది.

మాలో ఒకరి స్వగ్రామంలో, దేవాలయపు ఉగ్రాణంలో ఒక వత్తి తుపాకి ఉండేది. ఒకప్పుడు రథోత్సవం కదిలే ముందు దానిని గాలిలోకి పేల్చేవారట. ఏటా మహర్నవమికి దానిని దించి, చింతపండు పులుసుతో, ఇటుకపొడితో తళతళలాడేటట్లు తోమి, పసుపు కుంకుమలు అలది పూజించేవారు. మావారు చిన్నతనంలో గొట్టంమీద చుక్కలుగా ఏదో వ్రాత ఉండడం చేతితో తడిమి చూశారు. ఇటీవల సెలవులకు వెళ్ళి వెదికితే, గొట్టం అద్దంవలె ఉన్నది, వ్రాత లేదు. “ఎంత శుభ్రంగా ఉంచామో చూశారా, బాబూ!” అన్నారట అక్కడి పెద్దలు, ఎంతో భక్తితో. వారి భక్తిని మేము శంకించడం లేదు. కాని ఆ చుక్కలు ఏ కోటను చెప్పేవో, ఏ దాతను చెప్పేవో ఇక ఎవరూ చెప్పలేరు.

చింతపండులోని పులుపు ఇనుమును తింటుంది. ఇటుకపొడి ఒరుస్తుంది. చుక్కలతో వేసిన గుర్తు లోతు గోటిమందం కూడా ఉండదు. ఏడాదికొకసారి చొప్పున యాభై ఏళ్ళు తోమితే రాతిమీది శాసనమైనా నిలవదు, ఇనుముమీది చుక్క నిలుస్తుందా? పూత పెట్టిన వెండి తీగ, బంగారు తీగ సంగతి చెప్పనే అక్కరలేదు.

“అనూచానంగా వస్తున్న ఆచారాన్ని మానమంటారా?” అని అడిగేవారు ఉంటారు. మానమనడం లేదు. ఆచారం పూజ, చింతపండు ఆచారం కాదు. మూలవిరాట్టుకు నిత్యాభిషేకంవల్ల అరుగుదల వస్తుందని గ్రహించి ఉత్సవమూర్తికి, స్నపన బేరానికి అభిషేకం చేసే పద్ధతి మన ఆలయాలలోనే ఉన్నది. మూర్తి అరగకుండా చూసుకొనే వివేకం పూజకు విరుద్ధం కానప్పుడు, ఆయుధం అరగకుండా చూసుకోవడం ఎట్లా విరుద్ధమవుతుంది? పొడి మెత్తని గుడ్డతో తుడవండి. గంధం, కుంకుమ కింద పరచిన వస్త్రానికి పెట్టండి. పూలు పక్కన ఉంచండి. పూజ లోపించదు, అక్షరం చెరగదు.

“మనకు చదువుకొన్న నిపుణులు లేరు, మేమేం చేయగలం?” అనే మాటా వింటున్నాము. పదహారవ శతాబ్ది చివర అబుల్ ఫజల్ వ్రాసిన ఐనీ అక్బరీని చూడండి. అక్బరు ఆయుధాగారంలోని తుపాకిమీద ఇనుము తూకం, ఇనుము వచ్చిన చోటు, పనివాని పేరు, చేసిన ఊరు, తేదీ, వరుస సంఖ్య వ్రాసే పద్ధతి ఉండేదని అందులో ఉన్నది. నాలుగు వందల ఏళ్ళ క్రితం కొలిమి పక్కన కూర్చున్న గుమాస్తా చేసిన పనిని, చేతిలో కెమెరా ఉన్న ఫోను పెట్టుకొని మనం చేయలేమనడం నిపుణుల కొరత కాదు, శ్రద్ధ కొరత.

మేము కోరేది

కుటుంబాలను, ఆలయ ధర్మకర్తలను మేము కోరేది స్వల్పం. మొట్టమొదట ప్రాణభద్రత. పాత తుపాకిలో మందు దట్టించి అట్లాగే వదిలేసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. గొట్టం బయటి పొడవును, లోపలికి ఒక సన్నని కర్ర దింపి లోపలి లోతును కొలవండి. రెంటికీ నాలుగైదు వేళ్ళ తేడా ఉంటే లోపల ఏదో ఉన్నట్లే. దానిని కదపక, నిప్పుకు దూరంగా ఉంచి పోలీసులకు తెలపండి. తరువాత గొట్టాన్ని తోమకుండా, ఏటవాలు వెలుతురులో నాలుగు వైపులా ఫోటోలు తీయండి. చుక్కల వ్రాత ఏటవాలు వెలుతురులోనే పైకి తేలుతుంది. పొడవు, మూతి వెడల్పు కొలిచి వ్రాయండి. ఎవరినుంచి ఎట్లా వచ్చిందని ఇంటి పెద్దలు చెబుతారో, ఆ మాటను వారి మాటగానే వ్రాయండి. మీ ఊహను పక్కన వేరుగా వ్రాయండి. అర్థంకాని లిపి ఉంటే గీసి ఉంచండి. చదివేవారు రేపు పుట్టవచ్చు. చదవడానికి అక్షరం ఉండాలి.

చట్టాన్నిగూర్చి భయపడి నూతిలో పారవేసినవారి మాటలూ మేము విన్నాము. 1959 ఆయుధాల చట్టంలోని 45వ విభాగం, మరమ్మతు చేసినా చేయకున్నా పేల్చడానికి పనికిరాని పురాతన ఆయుధాలకు మినహాయింపు ఇస్తున్నది. మీది ఆ కోవలోకి వస్తుందా లేదా అన్నది అధికారులను అడిగి తెలుసుకోండి, దాచవద్దు, పారవేయవద్దు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇటువంటి వస్తువును దేశం దాటించడం నేరం. కనుక విదేశాలలో ఉన్న మనవాళ్ళు తాతగారి తుపాకిని సూట్‌కేసులో తేవాలని తలచవద్దు. సెలవులకు వెళ్ళినప్పుడు పిల్లలను హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియం ఆయుధాల గదికి తీసుకెళ్ళండి. బొమ్మలు చూపినట్లు చూపకండి. “గుర్తు ఎక్కడున్నదో వెదుకు” అనండి.

మేము మళ్ళీ ఆ జిజాన్ ఇంటికి వెళ్ళాము. పెద్దాయన అనుమతితో తుపాకిని కిందికి దించి, వత్తుల దీపపు వెలుతురులో కాదు, ఫోను దీపాన్ని పక్కకు పట్టి చూశాము. కొయ్యా వెండీ ఇక్కడివి. మూతి మొగ్గవలె ఉబ్బినది, లోపల నున్నన. వెనుక చివర కోలగా ఒక అచ్చు, అందులో సగం అరిగిన అక్షరాలు. ఒక కాగితంమీద మూడు పంక్తులు వ్రాసి, వారబ్బాయి చేత అరబ్బీలోకి మార్పించి, ఆయనకు ఇచ్చాము: “గొట్టం హిందూస్థానపు పని కావచ్చు. కొయ్య, వెండి ఈ ప్రాంతానివి. కాపాడినవారు ఈ ఇంటివారు.”

నిజాం పేరు వ్రాయనందుకు మాలో మొదటివారు కొంత చిన్నబుచ్చుకున్నారు. పెద్దాయన మాత్రం మూడవ పంక్తిని రెండుసార్లు చదివించుకొని, ఆ కాగితాన్ని మడిచి భద్రంగా దాచుకున్నారు. తన తుపాకిని తాను ఎన్నడూ తోమలేదని, నూనె గుడ్డతో తుడవడమే తండ్రి నేర్పాడని చెప్పారు. ఆ నూనె గుడ్డవల్లనే ఆ సగం అక్షరాలైనా మాకు దక్కాయి. ఈ మహర్నవమికి మన ఉగ్రాణాల తలుపులు తెరిచేవారు చింతపండు నానబెట్టే ముందు ఈ మాటను ఒక్కసారి తలచుకోవాలని మా మనవి.